ల్యాప్‌టాప్ వేడెక్కితే ఏం చేయాలి, కొత్త ప్రాసెసర్ కోసం ఎప్పుడు ఆగాలి

మొన్న మే నెలలో గోదావరిఖని నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోలేనంతగా కాలుతోందని, ఫ్యాన్ రోజంతా హోరుమంటోందని, ప్రాజెక్టు పని మొదలుపెట్టిన పది నిమిషాలకే మొరాయిస్తోందని చెప్పింది. “కొత్త ప్రాసెసర్లు చల్లగా ఉంటాయంటున్నారు మామయ్యా, అవి వచ్చేదాకా దీన్ని ఇలాగే లాగించి అప్పుడు కొనుక్కోనా?” అని అడిగింది. ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఉన్న ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతోందన్నది ఒకటి, కొత్తది ఎప్పుడు కొనాలన్నది రెండోది. మొదటిదాని సంగతి తేల్చకుండా రెండోదానికి జవాబు చెప్పడం నాడి చూడకుండా మందు రాయడమే అవుతుంది. కాబట్టి ఆ అమ్మాయి చేత ఏ క్రమంలో ఏమేం చేయించానో అదే క్రమంలో ఇక్కడ రాస్తున్నాను.

ఎంత వేడి మామూలు?

ప్రతి ప్రాసెసర్‌కూ, అంటే ల్యాప్‌టాప్ పనంతా నడిపే ప్రధాన చిప్‌కు, తయారీ సంస్థ ఒక గరిష్ఠ ఉష్ణోగ్రతను నిర్ణయిస్తుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో చాలావాటికి అది 100 డిగ్రీల సెల్సియస్, ఏఎండీ రైజెన్ చిప్‌లకు సాధారణంగా 95 నుంచి 100 డిగ్రీలు. ఆ హద్దుకు చేరగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి అదుపులోకి రాకపోతే ల్యాప్‌టాప్ దానంతట అదే ఆగిపోతుంది. ఈ రక్షణ ఉంది కనుక చిప్ కాలిపోతుందేమోనన్న భయం పెద్దగా అక్కర్లేదు. నష్టపోయేది వేగం, ఫ్యాన్ ఆయుష్షు, అన్నిటికంటే ముఖ్యంగా బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ వేడిలో, అందులోనూ నిండా చార్జ్ అయి వేడిలో ఉన్నప్పుడు, త్వరగా ముసలిదవుతుంది.

పలుచటి ల్యాప్‌టాప్ బరువైన పని చేస్తున్నప్పుడు 85, 90 డిగ్రీలు చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఏ పనీ లేకుండా తెర వెలిగి ఉన్నంత మాత్రాన 70 దాటుతోందంటే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టే.

మొదటి మెట్టు: కొలవడం

చేత్తో తాకి వేడిని అంచనా వేయడం వల్ల ఉపయోగం లేదు. లోపలి వేడిని బాగా బయటికి తోసే ల్యాప్‌టాప్ పైభాగం కొన్నిసార్లు ఎక్కువ వెచ్చగా తగులుతుంది, వేడిని లోపలే బంధించుకున్నది చల్లగానే అనిపిస్తుంది. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్, లినక్స్‌లో ఎల్‌ఎం-సెన్సర్స్ ఈ పనికి సరిపోతాయి. దాన్ని తెరిచి పెట్టుకొని, ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు తగిలించి, గట్టి బల్ల మీద ఉంచి, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ వంటి పరీక్షను పది నిమిషాల పాటు ఆపకుండా నడపాలి. అదే సమయంలో గది ఉష్ణోగ్రతను గోడకు తగిలించే మామూలు థర్మామీటర్‌తో చూసి రాసుకోవాలి.

పది నిమిషాల చివర మూడు అంకెలు కావాలి: చిప్ ఉష్ణోగ్రత, చిప్ వాడుతున్న కరెంటు వాట్లలో, క్లాక్ వేగం (చిప్ పనిచేస్తున్న వేగం, గిగాహెర్ట్జ్‌లలో). చాలామంది మొదటి అంకె ఒక్కటే చూసి ఆగిపోతారు. అసలు రహస్యం రెండో అంకెలో ఉంటుంది.

మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ 12వ తరం కోర్ ఐ5-1235యూ. దానికి ఇంటెల్ నిర్ణయించిన మూల విద్యుత్ పరిమితి 15 వాట్లు. కాసేపు పరుగెత్తాల్సి వచ్చినప్పుడు అది 55 వాట్ల వరకూ వెళ్లవచ్చు. అంటే పరీక్ష మొదలైన తొలి సెకన్లలో వాట్లు ఒక్కసారిగా పైకి లేచి, ఆ తరువాత దిగి, 15 దగ్గరో, ల్యాప్‌టాప్ కంపెనీ అంతకంటే ఎక్కువ అనుమతించి ఉంటే 20, 25 దగ్గరో నిలకడగా నిలవాలి. ఆమె పంపిన ఫొటోలో ఉష్ణోగ్రత 98 డిగ్రీలు, వాట్లు కేవలం 11. పదకొండు వాట్లంటే ఇంట్లో వెలిగే ఎల్ఈడీ బల్బుకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న వేడిని కూడా ఆ ల్యాప్‌టాప్ బయటికి పంపలేకపోతోందంటే చిప్‌లో తప్పు లేదు, వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది.

మీ అంకెలను కూడా ఇలాగే చదువుకోండి. వాట్లు తక్కువగా ఉండి ఉష్ణోగ్రత హద్దును తాకుతుంటే అది శుభ్రపరచవలసిన యంత్రం. 40, 50 వాట్లు నిలకడగా వాడుతూ 95 డిగ్రీలు చూపిస్తే కూలింగ్ బాగానే పనిచేస్తోంది, వాడే విద్యుత్తును సెట్టింగుల్లో తగ్గిస్తే సరిపోతుంది. ఉష్ణోగ్రత 70 దగ్గరే ఉన్నా వేగం పడిపోతుంటే సమస్య వేడిది కాదు. తక్కువ వాట్ల చార్జర్ తగిలించారేమో, బ్యాటరీ ఆదా మోడ్‌లో ఉందేమో చూడాలి.

రెండో మెట్టు: గది, బల్ల, సంచి

కూలింగ్ అంటే చిప్ వేడిని గదిలోని గాలికి అప్పగించడం, అంతే. అదే పనికి అవే వాట్లు వాడుతున్నప్పుడు చిప్ గదికంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటుందన్న తేడా దాదాపు మారదు. డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 80 దగ్గర నిలిచే చిప్ మే నెలలో 40 డిగ్రీల గదిలో 95కు చేరుతుంది. ల్యాప్‌టాప్‌లను పనిచేయించాల్సిన గది ఉష్ణోగ్రతకు గరిష్ఠ పరిమితిగా చాలా కంపెనీలు 35 డిగ్రీలను పేర్కొంటాయి. యాపిల్ మ్యాక్‌బుక్‌లకు చెప్పేది కూడా అదే. రామగుండంలోనూ, నల్లగొండలోనూ, పల్నాడు జిల్లా రెంటచింతలలోనూ మే నెల మధ్యాహ్నాలు ఆ గీతను ఎంత దూరం దాటుతాయో మనకు తెలియనిది కాదు. ఈ ప్రాంతాల వారు బరువైన పనిని తెల్లవారుజామున గానీ రాత్రి గానీ పెట్టుకుంటే, పైసా ఖర్చు లేకుండా పది డిగ్రీలు కలిసివస్తాయి.

ఇంట్లో కూలర్ ఉంటే దాని ఎదుట నేరుగా ల్యాప్‌టాప్ పెట్టకండి. గాలితో పాటు వచ్చే నీటి తుంపర్లు, మన బోరు నీటిలోని ఉప్పు కలిసి లోపలి బోర్డు మీద పేరుకుంటాయి. పక్కగా, తడి తగలనంత దూరంలో ఉంచితే చాలు.

చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచి గాలి పీల్చుకొని వెనుక నుంచి గానీ పక్క నుంచి గానీ వదులుతాయి. పరుపు మీద, దిండు మీద, ఒళ్లో పెట్టుకుంటే ఆ ముక్కు మూసినట్టే. వెనుక అంచు కింద రెండు అంగుళాల ఎత్తులో ఏదైనా పెట్టి ఏటవాలుగా ఉంచితే గాలి ఆడుతుంది. కూలింగ్ ప్యాడ్ వల్ల మేలు లేకపోలేదు, కానీ చాలా సందర్భాల్లో అది కొద్ది డిగ్రీల మేలే; వట్టి స్టాండ్‌తోనే అందులో పెద్ద భాగం దక్కుతుంది.

ఇంకొక సంగతి. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లు మూత మూసినా పూర్తిగా నిద్రపోవు, మొబైల్ ఫోన్ లాగా లోపల అప్పుడప్పుడూ మేలుకుంటూ ఉంటాయి. బస్సులో సంచి లోంచి తీసి చూస్తే పెనంలా కాలుతూ ఉండడానికి కారణం అదే. ప్రయాణానికి ముందు షట్‌డౌన్ గానీ హైబర్నేట్ గానీ చేయండి. బ్యాటరీకి దీనికి మించిన మేలు లేదు.

మూడో మెట్టు: సెట్టింగులు

టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ (ప్రాసెసర్) అన్న నిలువు వరుస పేరు మీద నొక్కితే ఎక్కువ వాడుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. ఏమీ చేయకుండానే పదిహేను, ఇరవై శాతం ఎవరో తినేస్తుంటే వారెవరో అక్కడే కనబడతారు. సాధారణంగా అది నలభై ట్యాబులు తెరిచిన బ్రౌజర్, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన అనవసరపు యాంటీవైరస్, లేదా ఫైళ్లన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్న ప్రోగ్రామ్ అయి ఉంటుంది.

ఆ తరువాత పవర్ మోడ్. చిప్ వాడే విద్యుత్తు దాని క్లాక్ వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదానితో) పాటు పెరుగుతుంది. పైగా వేగం పెంచాలంటే వోల్టేజీని కూడా పెంచాల్సిందే. అందుకే చివరి కొద్దిపాటి వేగం కోసం వెచ్చించే వేడి చాలా ఎక్కువ. ఆ చివరి భాగాన్ని వదులుకుంటే పనిలో తేడా అంతగా తెలియదు గానీ వేడిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ను బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి మార్చడం, లేదా ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్‌లో క్వైట్ మోడ్ ఎంచుకోవడం అన్నిటికంటే సురక్షితమైన మార్గం. మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతానికి తగ్గించమని అందరూ చెప్పే చిట్కా టర్బోను, అంటే చిప్ కాసేపు మూల వేగాన్ని దాటి పరుగెత్తడాన్ని, పూర్తిగా ఆపేస్తుంది. పాత చిప్‌లలో అది బాగానే ఉంటుంది. మూల వేగం చాలా తక్కువగా ఉన్న కొత్త యూ శ్రేణి (పేరు చివర యూ ఉన్న, తక్కువ వాట్ల) చిప్‌లలో మాత్రం ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంది. దాన్ని ఆఖరి ప్రయత్నంగానే ఉంచుకోండి.

వోల్టేజీ తగ్గించడం, అంటే అండర్‌వోల్టింగ్, ఒకప్పుడు చక్కటి మార్గం. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడిన తరువాత చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ల ద్వారా ఆ సదుపాయాన్ని మూసివేశారు. మీ ల్యాప్‌టాప్‌లో అది పనిచేయకపోతే దాని వెంట పడి సమయం వృథా చేసుకోవద్దు.

నాలుగో మెట్టు: విప్పి శుభ్రం చేయడం

ముందుగా రెండు జాగ్రత్తలు. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినట్టున్నా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు చార్జింగ్ ఆపి, స్విచాఫ్ చేసి, నొక్కకుండా, గుచ్చకుండా, తెలిసిన మెకానిక్ చేత బ్యాటరీ మార్పించాలి. మిగతా పనులన్నీ ఆ తరువాతే.

మా అమ్మాయి వారంటీ గడువు ఎప్పుడో ముగిసింది కాబట్టి, జూన్ మొదటి వారంలో నేను గోదావరిఖని వెళ్లినప్పుడు ఇద్దరం కూర్చొని విప్పాం. ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, అడుగు స్క్రూలను విప్పుతూ ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అతికించాం. స్క్రూల పొడవులు వేర్వేరుగా ఉంటాయి. పొడవైనదాన్ని పొట్టిదాని చోట బిగిస్తే పైనున్న కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. అన్నీ తీసినా మూత రాకపోతే బలం ఉపయోగించకండి, రబ్బరు పాదాల కింద ఇంకో రెండు స్క్రూలు దాగి ఉండవచ్చు. మూతను పాత ఏటీఎం కార్డు వంటి ప్లాస్టిక్ ముక్కతో అంచు వెంట జరుపుతూ ఊడదీయాలి. మూత తీయగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్‌ను ప్లాస్టిక్ ముక్కతోనే వేరుచేసి, పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టాలి. లోపల దేన్నైనా ముట్టుకునే ముందు ఏదైనా లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి.

పైకి చూస్తే ఫ్యాన్ రెక్కల మీద కొద్దిగా దుమ్ము, అంతే. చాలామంది దాన్నే బ్రష్‌తో తుడిచి మూత మూసేస్తారు. అసలు చెత్త అక్కడ ఉండదు. ఫ్యాన్ విసిరిన గాలి రాగి ఫిన్స్ (వేడిని గాలికి వదిలే పలుచటి రేకులు) మధ్య సన్నటి సందుల్లోంచి బయటికి పోతుంది. గాలిలోని నూగు, వెంట్రుకలు, దుమ్ము ఆ సందుల్లో దూరలేక ఫిన్స్‌కు లోపలి వైపున పొరగా పేరుకుంటాయి. ఫ్యాన్‌ను పట్టి ఉంచే మూడు చిన్న స్క్రూలు తీసి దాన్ని పక్కకు జరిపితే అప్పుడు కనిపించింది. బొగ్గు గనుల ఊరి దుమ్ము కదా, బూడిద రంగులో కాక నల్లగా, దట్టమైన కంబళి ముక్కలా, ఫిన్స్ మొత్తాన్ని ఒక్క సందైనా వదలకుండా కప్పేసి ఉంది. పట్టకారుతో ఒక మూల పట్టి లాగితే చిట్లకుండా అలాగే ఊడి వచ్చింది. దాన్ని వేలి మీద పెట్టుకొని అమ్మాయి చాలాసేపు చూసింది. రెండేళ్లుగా ఆ ల్యాప్‌టాప్ ఊపిరికి అడ్డుపడింది ఆ నల్లటి ముక్కే.

బయటి నుంచి గాలి ఊదితే ఈ పొర కదలదు, లేదా చెదిరి మళ్లీ ఫ్యాన్ మీద పడుతుంది. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌ను బోర్డు దగ్గరికి తీసుకురాకండి, దాని గొట్టం వద్ద స్థిర విద్యుత్తు పుడుతుంది.

ఐదో మెట్టు: థర్మల్ పేస్ట్

శుభ్రం చేసి మూసి మళ్లీ పది నిమిషాల పరీక్ష నడపండి. అంకెలు బాగుపడితే ఇక్కడితో ఆగిపోవచ్చు. మా పరీక్షలో అదే గదిలో వాట్లు 11 నుంచి 15కు పెరిగి అక్కడే నిలిచాయి, ఉష్ణోగ్రత 98 నుంచి 84కు దిగింది. ల్యాప్‌టాప్ మూడేళ్లు దాటి, శుభ్రం చేశాక కూడా వేడి తగ్గకపోతేనే, చిప్‌కూ దాని మీద కూర్చొని వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్ట్ మార్చడం గురించి ఆలోచించాలి.

హీట్‌సింక్ స్క్రూల పక్కన సాధారణంగా 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలో, విప్పేటప్పుడు దానికి తిరగేసిన వరుసలో, ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా తిప్పాలి. ఒకేసారి ఒక మూల బిగిస్తే పైన లోహపు మూత లేని చిప్ అంచు చిట్లే ప్రమాదం ఉంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచేసి, ఆరిన తరువాత కొత్త పేస్ట్‌ను చిప్ మొత్తం పలుచగా కప్పేంత వేయాలి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల మంచి పేస్ట్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. చాలాకాలం ముట్టుకోకుండా ఉండాలనుకుంటే హనీవెల్ పీటీఎమ్7950 వంటి, వేడికి మెత్తబడి చిప్‌కు అతుక్కునే షీట్ నాకు ఎక్కువ నచ్చుతుంది. నేరుగా చిప్ మీదే పెట్టే ల్యాప్‌టాప్ హీట్‌సింక్‌ల కింద పేస్ట్ పక్కలకు జరిగిపోయే బెడద దీనితో తక్కువ. పేస్ట్‌కు బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి మాత్రం వెళ్లకండి. అది కరెంటును ప్రసరింపజేస్తుంది, అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క చుక్క జారితే బోర్డు పోయినట్టే. పక్కనున్న మెమరీ చిప్‌ల మీది మెత్తటి ప్యాడ్లను చింపకండి. చింపితే అదే మందం ఉన్నవి పెట్టాలి.

ఇక కొత్త ప్రాసెసర్ కోసం ఆగాలా?

కొత్త ప్రాసెసర్ అంటే చల్లటి ప్రాసెసర్ అన్న నమ్మకంలో సగమే నిజం. 2004లో ఇంటెల్ 130 నానోమీటర్ల తయారీ పద్ధతి నుంచి ట్రాన్సిస్టర్లు ఇంకా చిన్నవయ్యే 90 నానోమీటర్ల పద్ధతికి మారి ప్రెస్కాట్ పేరుతో కొత్త పెంటియం 4 తెచ్చినప్పుడు, అది పాతదానికంటే ఎక్కువ వేడెక్కింది. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యే కొద్దీ లీకయ్యే కరెంటు పెరగడం ఒక కారణం. ఆ దారిలో తరువాత రావలసిన తేజాస్ అనే చిప్‌ను ఇంటెల్ అదే ఏడాది రద్దు చేసి, అంతకుముందే ల్యాప్‌టాప్‌ల కోసం రూపొందించిన పెంటియం ఎమ్ పద్ధతి వైపు మళ్లింది. 2006లో వచ్చిన కోర్ 2 దాని ఫలితం.

ఇప్పటి సంగతి మరొక రకం. కొత్త చిప్ అదే పనిని తక్కువ విద్యుత్తుతో చేయగలదు, నిజమే. కానీ ఆ మిగిలిన విద్యుత్తును కంపెనీలు మనకు చల్లదనంగా తిరిగి ఇవ్వడం అరుదు. దాన్ని ఇంకా ఎక్కువ వేగంగా మార్చి ప్రకటనల్లో పెడతాయి. కోర్ ఐ7-12700హెచ్ మూల పరిమితి 45 వాట్లయితే టర్బోలో అది 115 వాట్ల దాకా వెళ్తుంది. అంత వేడిని రెండు సెంటీమీటర్ల మందం డబ్బాలో పెడితే ఏ తరం చిప్ అయినా హద్దును తాకుతుంది. వేడిని నిర్ణయించేది తరం కాదు, ల్యాప్‌టాప్ తయారుచేసినవారు ఎన్ని వాట్లు అనుమతించారు, ఎంత రాగి, ఎన్ని ఫ్యాన్లు పెట్టారు అన్నదే.

నిజమైన దూకుళ్లు అప్పుడప్పుడూ వచ్చాయి. 2020 నవంబరులో యాపిల్ ఎమ్1 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్‌ను అసలు ఫ్యాన్ లేకుండానే తెచ్చింది. 2024 జూన్‌లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌ల ల్యాప్‌టాప్‌లు, అదే ఏడాది సెప్టెంబరులో ఇంటెల్ లూనార్ లేక్ చిప్‌లు విండోస్ ప్రపంచంలోనూ చల్లదనాన్ని, బ్యాటరీ నిలకడను బాగా పెంచాయి. 2026 జనవరిలో ఇంటెల్ 18ఏ అనే కొత్త తయారీ పద్ధతిలో తయారైన పాంథర్ లేక్ వచ్చింది. వీటికీ షరతులున్నాయి: లూనార్ లేక్‌లో మెమరీ చిప్‌తో పాటే అతికి ఉంటుంది, 16 లేదా 32 జీబీ, తరువాత పెంచుకోలేరు, స్నాప్‌డ్రాగన్‌లో కొన్ని పాత ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు, డ్రైవర్లు నడవవు. కాలేజీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ జాబితా ముందు పెట్టుకొని చూసుకోవాలి.

నా అభిప్రాయం ఇది. శుభ్రం చేశాక పని సజావుగా జరుగుతుంటే కొనవద్దు, ఆగడం గురించి ఆలోచించవద్దు కూడా. పని ఆగిపోతుంటే ఈ రోజు మార్కెట్లో ఉన్నదాన్నే కొనండి, ఎందుకంటే ఎప్పుడు చూసినా ఆరు నెలల్లో ఇంకొకటి వస్తూనే ఉంటుంది. విదేశంలో ప్రకటించిన చిప్ మన దుకాణాల్లో అందుబాటు ధరకు చేరేసరికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. ఆగడం సమంజసమయ్యేది రెండే సందర్భాల్లో: మీరు కొనాలనుకున్న మోడలే కొత్త చిప్‌తో విడుదలయ్యే తేదీ ఖరారై కొన్ని వారాల్లో ఉన్నప్పుడు, లేదా దసరా, దీపావళి అమ్మకాల్లో పాత తరం ధర దిగుతుందని ఎదురుచూస్తున్నప్పుడు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే నడుస్తుంది. అంతకంటే పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు వేడి సంగతి ఎలా ఉన్నా మారడమే మంచిది.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోకండి. ఏఎండీ ల్యాప్‌టాప్ చిప్‌ల 7000 శ్రేణిలో మూడో అంకె అసలు తరాన్ని చెబుతుంది (ఆ తరాల పేరు జెన్, అంకె పెద్దదైతే కొత్తది): 7730యూ లోపల ఉన్నది జెన్ 3, 7320యూ లోపల ఉన్నది జెన్ 2, 7840యూ లోపల జెన్ 4. ఇంటెల్ కోర్ 7 150యూ కొత్త పేరుతో వచ్చినా దాని లోపలిది పాత రాప్టర్ లేక్ నమూనాయే. సమీక్షల్లో మొదటి నిమిషపు స్కోరు కాకుండా అరగంట బరువు తరువాత ఎన్ని వాట్లు నిలిచాయో, ఫ్యాన్ ఎంత శబ్దం చేసిందో చూడండి. దుకాణంలో ల్యాప్‌టాప్‌ను తిరగేసి, మూత మామూలు స్క్రూలతో ఊడుతుందా, గాలి సందులు వెడల్పుగా ఉన్నాయా అని చూడటానికి మొహమాటపడకండి. రెండేళ్ల తరువాత ఆ మూత తీయాల్సింది మీరే.

మా అమ్మాయి కొత్తది కొనలేదు. చివరి సంవత్సరం ప్రాజెక్టు ఈ ల్యాప్‌టాప్ మీదే చేస్తోంది. మూత బిగించే ముందు లోపలి వైపు చిన్న కాగితం అతికించి, ఆ రోజు తేదీ, 84 డిగ్రీలు, 15 వాట్లు అని రాసింది. వచ్చే ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, మళ్లీ అదే పరీక్ష నడిపి ఆ అంకెలతో పోల్చి చూస్తానంది.